గట్టి కట్టె: మార్చిలో కొట్టి డిసెంబరులో కాల్చడం ఎలా

హైదరాబాద్‌లో కట్టెలు గుర్తొచ్చేది చలి మొదలయ్యాకే. డిసెంబరు మొదటి వారంలో డిపోకి వెళ్ళి అర క్వింటాల్ తుమ్మ తెస్తారు. మర్నాడు పొద్దున్నే బాయిలర్ కింద పెడితే పొగ తప్ప మంట రాదు. కట్టె కొసల నుంచి నురగ కారుతుంది, వాకిట్లో నిలబడ్డవాళ్ళకి కళ్ళు మండుతాయి. చివరికి "ఈ తుమ్మ బాగాలేదు" అని తేల్చేస్తారు. తుమ్మలో లోపమేమీ లేదు, అది పచ్చిది. గట్టి కట్టెకి అసలు సీజను ఎండాకాలం. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళో కాసే ఎండ, మధ్యాహ్నం వీచే వడగాలి కట్టెలోని నీళ్ళని పీల్చినట్టు ఇంకేదీ పీల్చలేదు. పనంతా ఆ రెండు నెలల చుట్టూ పెట్టుకోవాలి.

పెరట్లో నీళ్ళ బాయిలర్ ఉన్న సొంత ఇళ్ళవాళ్ళకి, మొయినాబాద్, శంకర్‌పల్లి, ఇబ్రహీంపట్నం వైపు తోటల్లో ఇల్లున్నవాళ్ళకి ఇది పనికొస్తుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో కట్టెలు కాల్చే ఆలోచన ఉంటే మానుకోండి. ఆ పొగ పై అంతస్తులోని పసిపిల్లల గదిలోకే పోతుంది.

ముందు లెక్క వేసుకోండి

మన చలి ఉత్తరాది చలి కాదు. నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరి 8న. ఇక్కడ కట్టెతో ముఖ్యమైన పని స్నానాల నీళ్ళు కాగబెట్టుకోవడం. గది వెచ్చబెట్టుకోవడం తోట ఇళ్ళలో, అదీ కొన్ని రాత్రులే.

ఒక మనిషికి 20 లీటర్ల బకెట్టు. ట్యాంకులో నీళ్ళు 18 డిగ్రీలుంటాయనుకుంటే, వాటిని 42 డిగ్రీలకు తేవడానికి 480 కిలో కేలరీలు కావాలి. నలుగురికి దాదాపు 1,900. బాగా ఎండిన కట్టె కిలోకి సుమారు 3,500 కిలో కేలరీలు ఇస్తుంది. మధ్యలో గొట్టమున్న రాగి బాయిలర్ అందులో మూడో వంతుకు కాస్త తక్కువే నీళ్ళకి అందిస్తుంది. అంటే రోజుకి రెండు కిలోలు చాలు. అదే మూడు రాళ్ళ పొయ్యి మీద కాగు పెడితే వేడిలో ఎక్కువ భాగం పక్కలకి పోతుంది, నాలుగైదు కిలోలు తగలేయాల్సి వస్తుంది. డిసెంబరు మొదలు ఫిబ్రవరి రెండో వారం దాకా 70 రోజులు, రోజుకి రెండు కిలోల చొప్పున 140 కిలోలు. చుట్టాలొచ్చే రోజులకి, తడిసి పాడయ్యేవాటికి కలిపి 200 కిలోల ఎండిన కట్టె దగ్గరుంచుకోండి. తుమ్మ పేళ్ళు ఒక ఘనమీటరు పేర్చితే 450 నుంచి 500 కిలోలు తూగుతాయి కాబట్టి, రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు ఎత్తు, ఒక కట్టె పొడవంత మందం ఉన్న వరస ఒక్కటి చాలు. ప్రహరీ పక్కన పట్టేస్తుంది.

ఏ కట్టె

ముందు ఒక అపోహ తీసేయాలి. బరువుకి బరువు చూస్తే ఎండిన కట్టెలన్నీ దాదాపు ఒకే వేడిని ఇస్తాయి. కిలో ఎండు మామిడికీ కిలో ఎండు తుమ్మకీ పెద్ద తేడా లేదు. గట్టి కట్టె గొప్పతనం రెండు చోట్ల కనిపిస్తుంది. తక్కువ చోటులో ఎక్కువ బరువు పడుతుంది. మంట తగ్గాక దాని నిప్పులు చాలాసేపు నిలుస్తాయి. రంజాన్‌లో హలీమ్ భట్టీ కింద గంటల తరబడి ఒకే సెగ కావాలి, అది ఇచ్చేది ఈ నిప్పులే. తేలిక కట్టె భగ్గున మండి, బూడిద మిగిల్చి పోతుంది.

మన చుట్టుపక్కల సులువుగా దొరికే గట్టి కట్టెల్లో మొదట చెప్పాల్సింది సర్కారు తుమ్మ. 1870ల చివర్లో కడప ప్రాంతంలో నాటించిన ఈ పరాయి చెట్టు ఇవాళ చెరువు శిఖాల్లో, బీడు భూముల్లో, ఖాళీ ప్లాట్లలో తనంత తానే అల్లుకుపోయింది. రైతులు దాన్ని వదిలించుకోవాలనే చూస్తారు. సన్నపాటి కొమ్మ కూడా బరువుగా ఉంటుంది, నిప్పు బాగా నిలుస్తుంది. ఇంటి అవసరానికి ఇంతకంటే మంచి కట్టె లేదని మా అభిప్రాయం. నల్లతుమ్మ దానికి సమానమే. చింత ఇంకా బరువు, సెగ ఎక్కువ, కానీ దాని నార మెలిపడి ఉంటుంది కాబట్టి గొడ్డలికి ఓ పట్టాన లొంగదు. సండ్ర, చిరుమాను, నల్లమద్ది అడవి చెట్లు. వాటి తునకలు టింబర్ డిపోలో దొరికితే సరే, వాటికోసం చెట్టు జోలికి పోవద్దు. వేప నీళ్ళ బాయిలర్‌కి పనికొస్తుంది, వంటకి వద్దు. పొగ చేదెక్కుతుంది.

వానాకాలపు గాలులకి నగరంలో రోడ్ల మీద పడేవి ఎక్కువగా తురాయి, పచ్చతురాయి, నిద్రగన్నేరు కొమ్మలు. అవి మధ్యరకం, రాజేయడానికి బావుంటాయి. మునగ, బూరుగ మోసుకొచ్చిన శ్రమకి కూడా గిట్టవు. నిద్రగన్నేరు వేరు, పూల గన్నేరు వేరు. పూల గన్నేరు మాత్రం ఏ రంగు పువ్వుదైనా పొయ్యి దగ్గరికి రానివ్వకండి. దాని పొగా విషమే. రంగు వేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్, పాత రైలు స్లీపర్లు కూడా అంతే. జీడిమెట్ల, చర్లపల్లి వైపు చవగ్గా వచ్చే ప్యాకింగ్ చెక్కల మీద ముద్ర చూడండి. 'హెచ్‌టీ' అంటే వేడితో శుద్ధి చేసినది, 'ఎంబీ' అంటే మందు గ్యాసు పట్టించినది. రెండోది వద్దు.

తెచ్చుకోవడం

చెట్టు మీ స్థలంలోదే అయినా అనుమతి లేకుండా కొట్టకూడదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. కొన్ని జాతులకి మినహాయింపులుంటాయి కాబట్టి కొట్టేముందు మీ అటవీ రేంజ్ ఆఫీసులో అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. లారీనో ట్రాలీనో మాట్లాడుకుంటే ఆ కాగితం డ్రైవరు దగ్గర ఉండాలి. రిజర్వు అడవిలో రాలిపడిన కట్టెకి కూడా ఇదే జాగ్రత్త. కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానాలు, అక్కడి నుంచి పుల్ల కూడా తేకూడదు.

న్యాయంగా దొరికే దారులు చాలానే ఉన్నాయి: పొలం చదును చేయిస్తూ సర్కారు తుమ్మ తీయించే రైతు, ముసలి మామిడి తోట మారుస్తున్నవాళ్ళు, వానలకి ముందు కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టే రోజులు, ఇవేవీ లేకపోతే కట్టెల డిపో.

డిపోలో తూకం మీద అమ్ముతారు. అక్కడే చాలామంది నష్టపోతారు. పచ్చి తుమ్మ క్వింటాల్‌లో 40 కిలోలు నీళ్ళే అనుకోండి. ఎండి 15 శాతం తేమకి వచ్చేసరికి అది 70 కిలోలు మిగులుతుంది. క్వింటాల్ 1,000 రూపాయలని బేరమాడితే నిజానికి ఎండు కట్టె క్వింటాల్‌కి మీరు 1,400 పైనే ఇచ్చినట్టు. కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో పచ్చి ధరకి పచ్చి కట్టె కొనండి, డిసెంబరులో ఎండు ధర పెట్టి పచ్చిది కొనకండి. 200 కిలోల ఎండు కట్టె కావాలంటే పచ్చిది దాదాపు 285 కిలోలు, అంటే మూడు క్వింటాళ్ళకి చెప్పండి.

సర్కారు తుమ్మ మీరే కోసుకుంటే దాని ముళ్ళకి భయపడాల్సిందే. మామూలు చెప్పుల అడుగు దాటి దిగుతాయి, గుచ్చుకున్నచోట చీము పడుతుంది. మందపాటి అడుగున్న బూట్లు, తోలు చేతి తొడుగులు, టెటనస్ ఇంజెక్షను ముందే ఉండాలి. దోటితో కొమ్మని కిందికి లాగి పట్టుకుని, ముళ్ళ రెమ్మలన్నీ కత్తితో చెక్కేశాకే దుంగని చేత్తో తాకండి. చెక్కిన రెమ్మలు అక్కడే ఒక కుప్ప వేయండి. దారిలో పడేస్తే స్కూటర్ టైర్లు పోతాయి.

కొట్టడం

తెచ్చిన వారంలోపే కొట్టాలి. తుమ్మ పచ్చిగా ఉన్నప్పుడు ఒకటి రెండు దెబ్బలకి విచ్చుకుంటుంది, ఎండితే గొడ్డలి ఎగిరి మీదికొస్తుంది. ఇంకో కారణం: కట్టెలోని నీరు బెరడు గుండా బయటికి రాదు, కోసిన కొసల నుంచీ చీల్చిన ముఖం నుంచీ వస్తుంది. బెరడు చుట్టూ ఉన్న గుండ్రటి దుంగ ఏడాది ఎండలో ఉంచినా లోపల పచ్చే.

బాయిలర్ కట్టె పొడవు ఒక జానెడు, అంటే 20 నుంచి 25 సెంటీమీటర్లు. మీ బాయిలర్ పొయ్యి నోరు కొలిచి, దానికి నాలుగు వేళ్ళు తక్కువ పెట్టుకోండి. కోత మిషన్‌వాళ్ళకి ఒక పుల్ల కొలత ఇచ్చి అన్నీ ఆ పొడవే కోయించండి. మందం మూడు రకాలుగా ఉండాలి: బొటనవేలంత, రెండు వేళ్ళంత, మణికట్టంత. మణికట్టు కంటే లావుది బాయిలర్‌కి వద్దు.

మోకాలి ఎత్తున్న మొద్దు ఒకటి నేలలో కదలకుండా పాతండి. దాని మీద పాత కారు టైరు ఒకటి మేకులతో బిగించండి. కొట్టాల్సిన ముక్కని టైరు మధ్యలో నిలబెడితే చీలిన పేళ్ళు కాళ్ళ మీదికి దూకవు, ప్రతి దెబ్బకీ వంగి ఏరుకోనక్కర్లేదు. కాళ్ళు భుజాలంత ఎడంగా ఉండాలి. ముక్కని బాగా చూడండి: కోసిన ముఖం మీద నడిమి నుంచి అంచుకి సన్నటి పగుళ్ళు కనిపిస్తాయి. గొడ్డలి ఆ గీత మీదే పడాలి. ముడి ఉంటే దాన్ని కింది వైపుకి పెట్టి, ముడి లేని కొస నుంచి కొట్టండి.

చింత మొద్దుని నడిమిలో కొడితే గొడ్డలి ఇరుక్కుపోతుంది. అంచుల నుంచి పేడు పేడుగా చుట్టూ చెక్కుతూ లోపలికి రావాలి. అప్పటికీ లొంగకపోతే ఇనుప చీల పెట్టి సమ్మెటతో దించండి. చీల తల పుట్టగొడుగులా విచ్చుకుంటే అంచులు అరగదీయించండి, లేకపోతే ఆ తునకే కంట్లో పడుతుంది. కళ్ళద్దాలు తప్పనిసరి.

అప్పుడే చీల్చిన తుమ్మ నడిమి చేవ లేత గులాబీ రంగులో ఉంటుంది, చుట్టూ తెల్లటి పాలచెక్క. కొన్ని వారాల్లో ఆ గులాబీ ఇటుక రంగుకి, తర్వాత ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది. పుచ్చు పురుగు తినేది ఆ పాలచెక్కనే. వరస కింద మెత్తటి పొడి రాలుతుంటే ఆ కట్టెలు వేరు చేసి ముందు కాల్చేయండి. బెరడు ఊడొస్తుంటే ఒలిచేయడం మంచిది, పురుగు దూరే చోటు తగ్గుతుంది.

ఎండబెట్టడం

నేల మీద కుప్ప పోస్తే కింది సగం చెదలకి వెళ్ళిపోతుంది. రెండు వరసల ఇటుకల మీద షాబాద్ బండ ముక్కలు పరిచి, 15 సెంటీమీటర్ల ఎత్తు లేపండి. పడమటి గాలికి కట్టెల కొసలు ఎదురుగా ఉండేలా, ఒక కట్టె మందంతో ఒకటే వరస పేర్చండి. రెండు మూడు వరసలు ఒకదానికొకటి ఆనించి పెడితే నడిమి వరసకి గాలి అందదు. గోడకి కనీసం ఒక జానెడు దూరం ఉంచండి. వరస చివర్లు కూలకుండా కట్టెలు అడ్డం నిలువు మార్చి మార్చి పేర్చి స్తంభంలా కట్టాలి.

మార్చి నుంచి జూన్ మొదటి వానదాకా పైన ఏమీ కప్పనక్కర్లేదు, అకాల వాన వచ్చిన రోజు తప్ప. వానాకాలం రాగానే పైన మాత్రం రేకు వేసి, అటూ ఇటూ ఒక జానెడు ముందుకి ఉండేలా చూసి, రాయి పెట్టండి. నీలం టార్పాలిన్‌తో నేలదాకా చుట్టేయడం మనవాళ్ళు తరచుగా చేసే తప్పు. నేల తడి, కట్టె తడి లోపలే ఆవిరై, మళ్ళీ కట్టె మీదే దిగుతుంది. పదిహేను రోజుల్లో తెల్లటి బూజు పడుతుంది. పక్కలు తెరిచి ఉంటే వానజల్లు కొట్టినా పైపొర మాత్రమే తడిసి, రెండు రోజుల్లో ఆరిపోతుంది.

రెండు వేళ్ళ మందం పేళ్ళకి మన ఎండాకాలంలో ఎనిమిది నుంచి పన్నెండు వారాలు సరిపోతాయి. మే నెల మధ్యాహ్నపు పొడిగాలిలో కట్టె 7 శాతం తేమదాకా దిగుతుంది. వానల్లో గాలిలోని తేమ పీల్చుకుని మళ్ళీ 15 శాతం చుట్టూ నిలబడుతుంది. అదే మనకి కావలసిన స్థాయి, 20 దాటకుండా ఉంటే చాలు.

వరసని ఇంటి తలుపుకి దూరంగా పెట్టండి. కట్లపాములకీ తేళ్ళకీ ఇది ఇష్టమైన చోటు. చీకట్లో చేయి పెట్టొద్దు. టార్చి వేసి, ముందు కర్రతో కదిలించి, పై వరస నుంచే తీయండి.

ఎండిందో లేదో తేల్చడం

చేత్తో పట్టుకుని చెప్పేవాళ్ళ మాట కంటే తూకం మాట నమ్మండి. మూడు పేళ్ళకి సుద్దతో గుర్తు పెట్టి, వరసలో వేర్వేరు చోట్ల ఉంచండి. ప్రతి ఆదివారం తూచి గోడ మీదే రాయండి. రెండు కిలోల పచ్చి పేడు ఒకటిన్నర కిలోల కిందికి వచ్చి, వారానికి 10, 15 గ్రాములకి మించి తగ్గకపోతే ఎండినట్టే. తేమ మీటరు ఉంటే పైన గుచ్చకండి. కట్టెని అప్పుడే చీల్చి లోపలి ముఖంలో గుచ్చాలి. ఈ మీటర్లు ఎండు బరువు మీద లెక్క చూపిస్తాయి, 20 అంటే మొత్తం బరువులో నీరు సుమారు 17 శాతం.

మీటరు లేనివాళ్ళు రెండు పేళ్ళని ఒకదానికొకటి కొట్టి చూడండి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్‌మంటాయి.

పచ్చి కట్టె ఎందుకంత పాడు చేస్తుందో తెలిస్తే ఈ శ్రమ భారమనిపించదు. నీళ్ళని ఆవిరి చేయడానికి పోయే వేడి నిజానికి అంత ఎక్కువ కాదు. అసలు నష్టం మంట చల్లబడటం. కట్టె బరువులో మూడొంతులకి పైగా వేడికి వాయువుగా మారి, ఆ వాయువు మండితేనే మంట. పొయ్యి చల్లగా ఉంటే ఆ వాయువు అంటుకోకుండా పొగై గొట్టంలో నుంచి వెళ్ళిపోతుంది. మీరు డబ్బు పెట్టి కొన్న వేడిలో చాలా భాగం పొగలా ఎగురుతుందన్నమాట.

రాజేయడం

గట్టి కట్టె అగ్గిపుల్లకి అంటుకోదు. దాని పైపొరకి తగిలిన వేడిని లోపలి భాగం లాగేసుకుంటుంది. కాబట్టి తేలిక పుల్లలతో మొదలుపెట్టాలి. వికారాబాద్, తాండూరు వైపు కంది కోతలయ్యాక దొరికే కందికట్టెని మించినది లేదు. ఒక మోపు తెచ్చి అటక మీద పడేస్తే రెండు చలికాలాలు వస్తుంది. కొబ్బరి పీచు, కొబ్బరి చిప్పలు కూడా మంచివే. కిరోసిన్, ప్లాస్టిక్ కవర్లు వాడొద్దు.

ముందు నీళ్ళు. గరాటులో పోస్తే పక్క మూతి నుంచి కారేదాకా నింపండి. రాగి బాయిలర్ అతుకులు తగరంతో వేసినవి, నీళ్ళు లేకుండా మంట తగిలితే నిమిషాల్లో కరిగి ఊడిపోతాయి. ఆవిరి పోయే దారికి ఎప్పుడూ గుడ్డ కుక్కకండి.

జాలీ సందుల్లోని బూడిద దులపండి. గాలి కింద నుంచే రావాలి. రెండు వేళ్ళ మందం పేళ్ళు రెండింటిని నాలుగు వేళ్ళ ఎడంతో పక్కపక్కన పెట్టండి. ఆ సందులో గుప్పెడు పీచు, దాని మీద 150 గ్రాముల కందికట్టె అడ్డంగా విరిచి వేయండి, పైన బొటనవేలంత పుల్లలు మూడు. వెలిగించాక మూడు నాలుగు నిమిషాలు ముట్టుకోకండి. మంట పుల్లల పైకి లేచాక మణికట్టంత కట్టెలు రెండు, వాటి మధ్య వేలు పట్టేంత సందుతో ఉంచండి. ఒంటి కట్టె ఎంత ఎండినదైనా ఆరిపోతుంది, ఎందుకంటే ఎదురుగా ఇంకో కట్టె ఉంటేనే ఒకదాని వేడి ఇంకోదానికి తగులుతుంది. అలాగని పొయ్యి నిండా కుక్కినా గాలి ఆడదు. ఒకేసారి మూడు లావు కట్టెలు మించకూడదు.

ఐదారు నిమిషాల తర్వాత గొట్టం పైకి చూడండి. గాలి వణికినట్టు కనిపిస్తే, పొగ దాదాపు లేకపోతే బాగా మండుతోంది. తెల్లటి చిక్కటి పొగ వస్తే కట్టె తడి. నల్లటి పొగ వస్తే గాలి చాలట్లేదు, కింద తలుపు ఇంకాస్త తెరవండి. ఇలా నడిపితే 40 లీటర్లు ముప్పావు గంటలోపే కాగుతాయి, ఖర్చు కిలో కట్టె. నీళ్ళు కాగినా అడుగున నిప్పులు మిగులుతాయి. అప్పుడు ఇంకో కట్టె వేయకుండా గరాటులో చన్నీళ్ళు పోస్తూ పొండి. ఇంకో రెండు బకెట్లు గోరువెచ్చగానైనా వస్తాయి.

గదిలో మంట

కుంపటిలో నిప్పులు పోసి తలుపులు వేసుకుని పడుకోవడం మనుషుల్ని చంపుతుంది. పొగ పోయింది కదా, నిప్పులే కదా అనుకుంటారు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎక్కువగా వచ్చేది ఆ నిప్పుల నుంచే, దానికి రంగూ వాసనా లేవు. తల బరువెక్కడం, వికారం మొదలైతే నిద్ర అనుకోకండి. అందరినీ వెంటనే బయటికి లాక్కురండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కుంపటి ఆరుబయట చలిమంటకే.

తోట ఇంట్లో గది వెచ్చబెట్టుకోవాలంటే మూత తలుపున్న ఇనుప పొయ్యి, పొగగొట్టం ఉండాల్సిందే. మామూలు గదికి గంటకి కిలో కట్టె చాలు, సాయంత్రానికి నాలుగు కిలోలు. ఒంటిపొర గొట్టానికీ చెక్క, పరదా, సోఫాలకీ మధ్య 45 సెంటీమీటర్లు తగ్గకూడదు. గొట్టం కప్పు దాటి కనీసం 90 సెంటీమీటర్లు లేవాలి, మూడు మీటర్ల దూరంలో ఉన్న దేనికంటే అయినా 60 సెంటీమీటర్లు ఎత్తుండాలి. మోచేతి వంపులు రెండుకి మించితే పొగ వెనక్కి తంతుంది. కిటికీ ఒకటి కొద్దిగా తెరిచే ఉంచండి.

గొట్టం, బూడిద

పొగ చల్లబడ్డ గొట్టంలో తారు పేరుకుంటుంది. మెత్తటి పొడి మసి అయితే బ్రష్షుకి రాలిపోతుంది. గాజులా మెరిసే నల్లటి పొర కనిపిస్తే మీరు తడి కట్టె కాలుస్తున్నారని అర్థం, అది అంటుకుంటే గొట్టమే ఎర్రగా కాలిపోతుంది. బాయిలర్ నడిమి గొట్టాన్ని పదిహేను రోజులకోసారి కొబ్బరి పీచు చుట్టిన కర్రతో తోమండి. మసి పొర ఎంత మందమైతే నీళ్ళు కాగడం అంత ఆలస్యం.

బూడిదని ప్లాస్టిక్ బకెట్టులోకీ, చెత్త డబ్బాలోకీ ఎత్తకండి. తుమ్మ నిప్పు బూడిద కింద మర్నాటిదాకా బతికే ఉంటుంది. మూతున్న ఇనుప డబ్బాలో ఎత్తి, రెండు రోజులు సిమెంటు నేల మీద ఉంచాక జల్లించండి. మెత్తటిది గిన్నెలకి, చెట్టుకి గుప్పెడు చొప్పున పాదుల్లోకి. జల్లెట్లో మిగిలిన బొగ్గు ముక్కలు మర్నాడు పొద్దున కందికట్టె మీద వేస్తే మంట ఇంకా తొందరగా నిలబడుతుంది.